హాట్‌ప్యాక్‌లో బేరింగు

భద్రయ్యను చంపడానికి హంతకుడు వాడింది ఒక్క సన్నటి సూది. మారేడ్‌పల్లి పార్కులో పొద్దున్నే బెంచీ మీద కూర్చున్న మనిషి మెడలో అది దిగింది. తల పక్కకు వాలింది. ఆ తర్వాత ఆయన ముందు నుంచి సగం కాలనీ వాకింగ్ చేసుకుంటూ వెళ్లింది.

ఒకాయన ఆగి, షుగర్ డౌన్ అయి ఉంటుంది, మెంతులు నానబెట్టి తాగమని చెప్పాడు. ఇంకొకాయన ప్రాణాయామం ఎలా చేయాలో ఎదురుగా నిలబడి చేసి చూపించాడు. ఒకావిడ పక్కనే కూర్చుని తన కోడలి సంగతంతా చెప్పుకుంది. ఇంత ఓపిగ్గా వినే మగమనిషిని తాను ఈ మధ్య చూడలేదని తర్వాత పోలీసులతో అంది.

విజయేందర్ వచ్చి ఆ కళ్లు మూశాడు. మెడ మీద ఎర్రటి చుక్క చూశాడు. పళ్లు పటపట కొరికాడు.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. "ఏం బాబూ, వాటర్ ఫిల్టర్ సర్వీసా? మా ఇంట్ల ధార సన్నగ వస్తున్నది. జెర వచ్చి చూస్తవా?"

తప్పు ఆయనది కాదు. విజయేందర్ వేసుకున్నది నీలం చొక్కా, భుజానికి ఉన్నది పైపులు, స్పానర్ల సంచి. దేశంలో పేరు చెప్పకూడని ఒక విభాగంలో అతను ఏజెంట్. కోడ్ నేమ్ 'కార్బన్'. పైకి మాత్రం ఫిల్టర్లు బాగుచేసే మనిషి. ఈ వేషంతో ఏ ఇంట్లోకైనా నేరుగా వంటగది దాకా పోవచ్చు. నష్టం ఒక్కటే. శవం ముందు నిలబడ్డా జనం కంప్లైంట్ రాయించుకోమంటారు.

"పీక మీద కాలేసి తొక్కుత" అని విజయేందర్ మనసులో అనుకున్నాడు. పైకి, "సాయంత్రం వస్త సార్" అన్నాడు.

* * *

విభాగం ఆఫీసు వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక మిఠాయి దుకాణం మీద ఉంది. బయట బోర్డు మీద 'కల్పలత టైలరింగ్, ఫాల్ పీకో' అని ఉంటుంది. చీఫ్ పేరు నిజంగానే కల్పలత. కుట్టుమిషన్ వెనక కూర్చునే ఆమె దేశభద్రత నడిపిస్తుంది. మధ్యలో బ్లౌజులు కూడా కుట్టక తప్పడం లేదు, కాలనీ వాళ్లు ఊరుకోరు.

"కూర్చో" అందామె.

"నిలబడ్త మేడం. ఇయ్యాల నేను కూర్చుంటే కుర్చీ ఇరుగుతది."

"భద్రయ్య గారు నీకు గురువు. తెలుసు. కోపం దాచుకో, పనికొస్తది. విను. తుఫానుల చిక్కిన జాలర్లను తెచ్చేందుకు కొత్త రెస్క్యూ బోట్లు వస్తున్నయ్. వాటి ఇంజిన్ల మెయిన్ బేరింగులకు ఏ లోహం పెట్టాలె? ఇయ్యాల సాయంత్రం ప్యారడైజ్ దగ్గర ఒక హాల్‌ల కమిటీ తేలుస్తది."

"క్యాండిడేట్లు?"

"రెండు. ఒకటి పాత వైట్ మెటల్. తగరం, అందుల కొంచెం యాంటిమొనీ, కొంచెం రాగి. మెత్తగుంటది, మబ్బుగుంటది. రెండోది 'టైటన్ గ్లో'. ఫారిన్ అలాయ్. రాయి లెక్క గట్టి, అద్దం లెక్క మెరుపు."

"కమిటీ దేని దిక్కున్నది?"

కల్పలత కళ్లద్దాల మీద నుంచి చూసింది. "నువ్వీ ఊర్లనే గదా పుట్టింది?"

విజయేందర్‌కి అర్థమైంది. మెరిసేది, గట్టిగా ఉండేది, ఫారిన్ నుంచి వచ్చేది. ఈ మూడూ ఒకదాంట్లో ఉంటే మనవాళ్లు అల్లుణ్ని కూడా ఎంక్వైరీ చేయరు.

భద్రయ్య మాటలు అతని చెవుల్లో తిరిగాయి. డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలో లోహాల పాఠం చెబుతూ ఆయన అన్నాడు. "తిరిగేది షాఫ్టు, దాన్ని మోసేది బేరింగు. మోసేది మెత్తగుండాలె విజయ్. నూనెల ఇసుక రేణువొస్తే కడుపుల దాచుకోవాలె. నూనె అయిపోతే తాను కరగాలె గాని షాఫ్టును కొరకొద్దు. మరీ గట్టిదాన్ని పెట్టినవనుకో, అది ఇసుకను మింగదు. ఆ ఇసుక తిరిగి తిరిగి షాఫ్టును చెక్కుతది, అది తిరగకుండ బిగుసుకపోతది. ఇంజిన్ సీజ్."

"నడిసముద్రంల ఇంజిన్ సీజ్" అన్నాడు విజయేందర్ పైకి.

"అదే వాళ్లకు కావాల్సింది. 'నార్త్ లాంతర్' అని ఒక విదేశీ ముఠా. ఇయ్యాల రెస్క్యూ బోట్లు, రేపు గస్తీ బోట్లు. ఒక గాలివాన వస్తే మన బోట్లన్నీ ఆగిపోతయ్, తీరం ఖాళీ. ఈడ వాళ్ల మనిషి హరికిషన్. టై కట్టుకుంటడు, కన్సల్టెంట్ అంటడు."

"మరి టెస్టుల ఎట్ల పాసైంది?"

"టెస్టుకు పోసిన నూనెను ఫిల్టర్ మీద ఫిల్టర్ పెట్టి వడగట్టిన్రు."

"అంటే ఆర్వో నీళ్లు తాగిపిచ్చి, బోరు నీళ్ల మీద బతుకుతడని సర్టిఫికెట్ ఇచ్చిన్రు. ప్రూఫ్ ఉన్నదా?"

"ఉండె" అంది కల్పలత. ఆ ఒక్క మాటలో బోలెడంత నీరసం ఉంది.

హరికిషన్ దగ్గర పబ్లిక్ రిలేషన్స్ చూసే క్యారల్ మన డబుల్ ఏజెంట్. ముఠా తన వర్క్‌షాప్‌లో మట్టి కలిసిన నూనెతో రహస్యంగా ఒక టెస్టు చేసింది. చెక్కుకుపోయిన ఆ షాఫ్టు ముక్కనూ, దాన్ని చెక్కిన బేరింగు సగాన్నీ ఆమె చేజిక్కించుకుంది. కానీ గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు, టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూస్తారు. వెతకకుండా వదిలేది ఒక్కటే, కమిటీ చైర్మన్ సదాశివ ఇంటికి వెళ్లే గిఫ్టులు. అవి రోజూ వెళ్తూనే ఉంటాయి. మొన్న మల్కాజ్‌గిరిలో సదాశివ కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. క్యారల్ ఆ ముక్కల్ని ఒక హాట్‌ప్యాక్‌లో పెట్టి, బంగారు రంగు కాగితం చుట్టి, తన పేరు చీటీ అంటించి తీసుకెళ్లి ఇచ్చింది. సాయంత్రం మన మనిషి వెళ్లి గిఫ్టుల కుప్పలోంచి దాన్ని ఎత్తుకు రావాలి.

"పోయిండు. ఎతికిండు. లేదు. భోజనం మాత్రం బాగున్నదట."

"హరికిషన్ కొట్టేసిండా?"

"కాదు. వాడు సుత ఎతుకుతుండు. దొరికితే కమిటీకి అది ఏందో చెప్పేది భద్రయ్య గారే గదా, అందుకే ముందు ఆయన్ని తీసేసిండు." కల్పలత ఒక్క క్షణం మిషన్ ఆపింది. "ఇంకోటి. క్యారల్ తమ్ముడు జెరెమియా, కాకినాడల మొదటి బోటుకు ఇంజిన్ మెకానిక్. ఆ బోటుకు టైటన్ గ్లో ముందే బిగించి పెట్టిన్రు. ఈడ సంతకం పడంగనే ఆడ ట్రయల్ షురూ. బయట వాయుగుండం. ఇరవై రెండేండ్ల పిల్లగాడు."

ఆమె అతని చేతిలో ఒక పెన్ను పెట్టింది. నీళ్ల నాణ్యత చూసే టీడీఎస్ పెన్ను.

"నీళ్లల ముంచితే నీళ్ల సంగతి చెప్తది. మనిషికి ముట్టిస్తే షాకు కొట్టి పడేస్తది. చార్జి ఒక్క షాకుకే వస్తది. జెర చూసుకో."

* * *

సదాశివ ఇంట్లో సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఉంది. రిమోట్ మీద ప్లాస్టిక్ కవరు ఉంది. ఫ్రిజ్ హ్యాండిల్‌కి ఉన్ని గుడ్డ చుట్టి ఉంది. అద్దాల షోకేసులో ఎవ్వరూ ఎన్నడూ తాగని పింగాణీ కప్పులు వరసగా ఉన్నాయి. నలుగురూ చూసేవన్నీ ముందు గదిలో ఉన్నాయి. ఇంటివాళ్లు వాడేవి, అంటే విరిగిన స్టూలూ పగిలిన బకెట్టూ, వంటింట్లో ఉన్నాయి.

సదాశివ భార్య కాంతమణి సిల్కు చీర కట్టుకుని, సాయంత్రం ఫంక్షన్‌కి తయారవుతోంది.

"ఫిల్టర్ ఎప్పుడు పిలిస్తే ఎప్పుడొచ్చినవయ్యా? బీపీ లేస్తున్నది నాకు" అంది.

'నాకంటేనా' అనుకున్నాడు విజయేందర్. ఫిల్టర్ మూత విప్పుతూ, "గృహప్రవేశం ఘనంగైందట గదమ్మా. గిఫ్టులు మస్తు వచ్చినయా?" అన్నాడు.

"వచ్చినయ్. వచ్చినవన్నీ ఇంట్లనే ఉన్నయ్. తిప్పి ఇంకొకళ్లకు ఇచ్చేటోళ్లం కాదు మేం."

అతను ఆ మాట అడగనే లేదు.

"మంచిదమ్మా. ఎందుకడిగిన్నంటే, బంగారు రంగు కాయితంల చుట్టిన హాట్‌ప్యాకులు కొన్ని పేలుతున్నయట. కంపెనోళ్లు వాపసు తీస్కుంటున్నరు."

కాంతమణి చేతిలోని పిన్నీసు కిందపడింది. "ఓరి దేవుడో. ప్రేమమణికి ఇస్తిని గదా!"

"ఏ ప్రేమమణమ్మ?"

"బోయిన్‌పల్లి ప్రేమమణి. మా చీటీల దోస్తు. నిన్న వాళ్ల బిడ్డ ఓణీల ఫంక్షన్ అయింది. డబ్బా మంచి బరువుంటే దాన్నే పట్టుకపోయిన. బరువున్న గిఫ్టు ఇస్తే మర్యాద గదయ్యా."

"లోపల ఏమున్నదో చూడలేదా?"

ఆమె అతణ్ని జాలిగా చూసింది. "విప్పితే కాయితం చినుగదా? చినిగినంక ఎవలికిస్తరు?"

దేశం కోసం ప్రాణాలకు తెగించి ఒక అమ్మాయి గేటు దాటించిన సాక్ష్యం, బరువుగా ఉందన్న ఒక్క కారణంతో చేతులు మారింది. విజయేందర్‌కి ఆ షోకేసు అద్దాలన్నీ స్పానర్‌తో పగలగొట్టాలనిపించింది. మెట్ల వైపు పరుగెత్తాడు.

"ఒక్క మాటయ్యా" అని వెనక నుంచి కాంతమణి అరిచింది. "అది పేల్తే, ఇచ్చింది నేనని తెలుస్తదా?"

* * *

బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర టమాటా లారీలు రోడ్డుకి అడ్డంగా ఆగి ఉన్నాయి. విజయేందర్ బండి ఆపి, ఉల్లిగడ్డ బస్తాల మధ్య నుంచి నడక మొదలుపెట్టాడు. వెనక ఒక హెల్మెట్ మనిషి కూడా బండి దిగాడు. దిగినవాడు హెల్మెట్ తీయలేదు. ఈ ఊళ్లో బండి మీద ఉన్నప్పుడే పెట్టుకోని వస్తువు, నడిచేటప్పుడు పెట్టుకున్నాడంటే వాడు మామూలు మనిషి కాదు.

మెడ దగ్గర గాలి కదిలింది. విజయేందర్ వంగాడు. సన్నటి సూది ఒకటి వెళ్లి ఉల్లిగడ్డల బస్తాలో దిగింది.

అదే సూది. అదే చెయ్యి.

వాడి మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. వాడు మోకాలితో పొడిచాడు. ఇద్దరూ బస్తాల మీద పడి దొర్లారు. పక్కనే ఒక పెద్దమనిషి వాళ్లని దాటుకుని వంగి, "కిలో ఎట్లిస్తున్నవ్?" అని దుకాణదారుణ్ని అడిగాడు. చెప్పిన రేటు నచ్చక, "ఇందుల సగం కుళ్లినయే ఉన్నయ్" అంటూ విజయేందర్ మోచేతి కింద నుంచి ఒక్కొక్కటీ ఏరుకోసాగాడు.

విజయేందర్ పెన్ను తీసి హెల్మెట్ వాడి మెడకి ఆనించి బటన్ నొక్కాడు. వాడు చేపలా ఎగిరిపడి స్పృహ తప్పాడు. కుట్టుమిషన్ దగ్గరికి ఫోన్ పోయింది. "భద్రయ్య సార్‌ను చంపినోడు ఉల్లిగడ్డల్ల ఉన్నడు. మనోళ్లను పంపున్రి." వాణ్ని బస్తా తాడుతో కట్టేశాడు. ముడి ఒకటి చాలు, కోపం కొద్దీ నాలుగు వేశాడు.

ప్రేమమణి ఇల్లు ఆ వెనక సందులోనే. తలుపు తీసిన ఆమె ఫిల్టర్ సంచి చూసి, "మాకొద్దు, మేం క్యాన్ నీళ్లు" అంది.

"ఫిల్టర్ కాదమ్మా. నిన్న కాంతమణమ్మ ఇచ్చిన గిఫ్టు ఏది?"

"అదెందుకు నీకు?"

"పేలుతది."

"అయ్యయ్యో! మా ఆయన పొద్దున్నే పట్టుకపోయిండయ్యా. ఆయన ప్యారడైజ్ దగ్గర హాల్‌ల క్యాంటీన్ నడుపుతడు. ఇయ్యాల ఎవరో పెద్దసారుకు సన్మానమట. మళ్ల క్యాంటీన్ మనకే రావాలె గదా అని, బరువుగుందని దాన్నే..."

"ఏ పెద్దసారు?"

"సదాశివ సారని, కమిటీ చైర్మన్..."

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. గడప మీద కూలబడింది.

"సదాశివ అంటే... కాంతమణి వాళ్లాయన గాదు గదా?"

విజయేందర్ ఔనన్నట్టు తల ఊపి, సంచి భుజానికెత్తుకున్నాడు.

"ఆమె సుత వస్తదా ఫంక్షన్‌కు?" అంది ప్రేమమణి. పేలుడు సంగతి ఆమె పూర్తిగా మర్చిపోయింది.

* * *

హాల్లో ఏసీ గడ్డకట్టేలా ఉంది. స్టేజి మీద హరికిషన్ మైకు పట్టుకుని టైటన్ గ్లో గొప్పలు చెబుతున్నాడు. చైర్మన్ సదాశివ ముందు వెల్వెట్ గుడ్డ మీద ఆ లోహం మెరుస్తోంది, పక్కన వైట్ మెటల్ ముక్క మాసిన గిన్నెలా పడి ఉంది. సదాశివ టైటన్ గ్లోని వేలితో టంగుమని కొట్టి చూశాడు. స్టీలు సామాన్ల దుకాణంలో బిందె కొనేటప్పుడు కొట్టినట్టే కొట్టాడు.

"సౌండ్ మంచిగున్నది" అన్నాడు. మిగతా కమిటీ తల ఊపింది.

విజయేందర్ గుమ్మం దాటగానే నెమలికంఠం రంగు పట్టుచీరలో ఒకామె ఎదురొచ్చింది. నల్ల కళ్లజోడు. ఎర్రటి పెదవులు. ఆమె వెళ్లిన దారిలో మగవాళ్లందరూ పొట్టలు లోపలికి పీల్చుకున్నారు.

"ఇక్కడి నీళ్లు ఎలా ఉన్నాయండీ?" అందామె.

"తాగినోళ్లకే తెలుస్తది."

కోడ్ సరిపోయింది. మరుక్షణం అతని నడుముకి చల్లగా పిస్టల్ ఆనింది.

"నడవండి" అంది క్యారల్ పెదవులు కదలకుండా. "హరికిషన్ నన్నే పంపించాడు, ఫిల్టర్ వాణ్ని పక్కకి తీసుకెళ్లమని. కొంచెం భయపడండి. మీ యాక్టింగ్ ఏం బాలేదు."

"నాకు భయం రాదు. కోపమే వస్తది."

"నాకు రెండూ వస్తున్నాయి. తమ్ముడు ఇంజిన్ రూమ్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తట్లేదు. దొరికిందా?"

"స్టేజి మీదున్నది."

ఇద్దరూ స్టేజి వైపు చూశారు. టేబుల్ నిండా గిఫ్టులు. అన్నీ బంగారు రంగు కాగితమే. సికింద్రాబాద్‌లో గిఫ్టు కాగితం అమ్మేవాడికి ఇంకో రంగు ఉందని తెలియనే తెలియదు.

హరికిషన్ పెన్ను తెరిచి సదాశివ చేతికిచ్చాడు. ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, "కాకినాడ? బోటు రెడీగ పెట్టున్రి. సంతకం అయితున్నది" అన్నాడు.

అప్పుడే బిక్షం శాలువా పట్టుకుని స్టేజి ఎక్కాడు. ప్రేమమణి మొగుడు. అతని చంకలో ఒక డబ్బా ఉంది. "ఒక్క నిమిషం సార్, క్యాంటీన్ తరఫున చిన్న కానుక" అన్నాడు. శాలువా కప్పి, డబ్బా సదాశివకి అందించాడు. సదాశివ చేతులు ఒక్కసారి కిందికి జారాయి. "ఏందయ్యా గింత బరువు" అని సంతోషపడి, పక్కన కూర్చున్న భార్యకి ఇచ్చాడు.

కాంతమణి దాన్ని ఒళ్లో పెట్టుకుంది. నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. డబ్బా మూల మీద పసుపు వేలిముద్ర ఒకటి ఉంది. గృహప్రవేశం నాడు గడపకి పసుపు రాసిన చేత్తో, ఆమె ఆ డబ్బాని బీరువా మీద పెట్టింది.

పేలుతుందన్న సంగతి ఆమెకి గుర్తు రాలేదు. వచ్చినా లెక్కచేసే స్థితిలో లేదు.

"బిక్షం!" అని ఆమె లేచిన తీరుకి మైకు కూడా కీచుమంది. "ఇది నేనిచ్చిన గిఫ్టు గదయ్యా! నాదే నాకు ఇస్తవా?"

"కాదమ్మా, మొన్న కొన్నం... జనరల్ బజార్ల..."

"జనరల్ బజార్లనా? నా పసుపు సుత గాడనే అమ్ముతున్నరా?" ఆమె బిక్షం పేరున్న చీటీని గోరుతో పీకింది. కింద ఇంకో చీటీ బయటపడింది: కాంతమణి. "చూడున్రి! అందరు చూడున్రి!" అని దాన్ని కూడా పీకి పైకెత్తింది. దాని కింద మూడో చీటీ బయటపడింది: క్యారల్.

హాల్లో గుసగుస మొదలైంది. కాంతమణి తను ఏం చూపించిందో అప్పుడు అర్థం చేసుకుంది. కానీ కోపం ఆగే దశ దాటిపోయింది. కాగితం మొత్తం చింపేసింది.

హరికిషన్ ఆ మూడో చీటీ చూశాడు. క్యారల్‌ని చూశాడు. "సార్, ఆడోళ్ల లొల్లి తర్వాత. ముందు సంతకం" అని సదాశివ చెయ్యి పట్టుకుని కాగితం మీదికి తోశాడు. పెన్ను 'స' రాసింది.

విజయేందర్ కుర్చీల మీదుగా స్టేజి మీదికి దూకాడు. హాట్‌ప్యాక్ మూత తిప్పి, షాఫ్టు ముక్కనూ బేరింగు సగాన్నీ తీసి, ఆ సంతకం మీదే ధడాలున పెట్టాడు.

"ముట్టున్రి సార్. గోరుతో గీకున్రి."

షాఫ్టు ముక్క మీద లోతుగా గాట్లు పడి ఉన్నాయి. సదాశివ గోరు వాటిలో ఇరుక్కుంది. అతను పక్కన ఉన్న బేరింగు ముక్క తీసి చూశాడు. అది ఇంకా మెరుస్తూనే ఉంది.

"బేరింగుకు ఏం కాలే గదా" అన్నాడు మెచ్చుకోలుగా. "షైనింగ్ సుత పోలే."

పొద్దుటి నుంచి విజయేందర్ మింగుతున్న కోపమంతా అక్కడ తెగింది.

"సార్! కొత్త సోఫా తెస్తిరి. కూసున్నోని నడుం ఇరిగింది. సోఫా మీద గీత పడలేదని మురుస్తరా? చావాల్సింది బేరింగు, షాఫ్టు కాదు! బేరింగుదేముంది, మార్చుకుంటం. షాఫ్టు పోతే నడిసముద్రంల బోటు పోతది, బోటుల ఉన్న పిల్లగాడు పోతడు. నూనెల ఇసుక వస్తే మింగే మెత్తటిది కావాలని భద్రయ్య సార్ చెప్పిండు. ఈ మాట చెప్తడనే ఆయన్ని పొద్దున పార్కుల చంపిన్రు. ఆ కాలనీవాళ్లేమో శవానికి మెంతులు తాగమని చెప్పిన్రు!"

ఎవరో ఒకాయన ముందు వరసలో తల దించుకున్నాడు.

హరికిషన్ కోటులోంచి రివాల్వర్ తీసి సదాశివ కణతకి పెట్టాడు. "ఎవరూ కదలొద్దు" అన్నాడు. ఫోన్లో అరిచాడు. "సంతకం అయింది! బోటు ఇడువున్రి!"

విజయేందర్ పెన్ను తీసి వాడి మెడకి ఆనించి బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. చార్జి బోయిన్‌పల్లి ఉల్లిగడ్డల్లో అయిపోయింది. పెన్ను చిన్నగా కీచుమని, తెర మీద రిజల్ట్ చూపించింది: 'తాగడానికి పనికిరాదు'.

హరికిషన్ అది చదవడానికి కళ్లు దించాడు. ఆ ఒక్క క్షణం చాలు. షాఫ్టు ముక్క వాడి మణికట్టు మీద పడింది, రివాల్వర్ టేబుల్ కింద పడింది. రెండో దెబ్బ అవసరం లేదు. విజయేందర్ వేశాడు.

క్యారల్ ఫోన్ చెవికి పెట్టుకుని గోడ వైపు తిరిగి ఉంది. మోగుతోంది. మోగుతోంది. ఇంజిన్ చప్పుడు వినిపించింది.

"అక్కా? తాడు విప్పేస్తున్నారు, తర్వాత మాట్లాడతా..."

"ఆపరా! జెరెమియా, ఇంజిన్ ఆపు! ఇప్పుడే! ఎవడేం చెప్పినా సరే ఆపు!"

ఒక నిమిషం చప్పుడు. తర్వాత చప్పుడు తగ్గింది. తర్వాత లేదు.

"ఆపేశానక్కా. ఏమైంది? ఏడుస్తున్నావా?"

"లేదు. ఏసీ ఎక్కువైంది" అంది క్యారల్. నల్ల కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

కల్పలత మనుషులు వచ్చి హరికిషన్‌ని ఈడ్చుకుపోయారు. బిక్షం వెనక తలుపు నుంచి ఎప్పుడో మాయమయ్యాడు. హాట్‌ప్యాక్‌ని సాక్ష్యంగా తీసుకోబోతే కాంతమణి గట్టిగా పట్టుకుంది. "లోపలి సామాను మీది. డబ్బా నాది" అంది.

సదాశివ కొత్త కాగితం ముందు పెట్టుకున్నాడు. మాసిన గిన్నెలా ఉన్న వైట్ మెటల్ ముక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వేలితో కొట్టాడు. అది దబ్బుమంది, మోగలేదు.

"ఇదేనా పెట్టాల్సింది?"

"అదే సార్."

"జెర పాలిష్ గిట్ల చేయిస్తే?"

"ఇంజిన్ లోపలుంటది సార్. ఎవ్వలికీ కనపడదు."

సదాశివ పెన్ను ఆగింది. అతని మొహంలో నిజమైన బాధ కనిపించింది.

"ముందే చెప్పొద్దా అయ్యా" అన్నాడు సంతకం పెడుతూ. "కనపడని దానికి గింత పరేషాన్ ఎందుకైతుంటిమి!"